మూత్రపిండమున నీటితిత్తులు

మూత్రపిండమున గడ్డ కలదని వైద్యుడు చెప్పగానే అది రాచపుండే, అనగా క్యాన్సరే, యని ఇంటిల్లిపాదియు నిశ్చయించుకొని అన్నము మానుట మనము చూచుచున్నాము. శ్రీకాకుళపు ఉద్దానమున మూత్రపిండవ్యాధి పెక్కు కుటుంబములను కూల్చుటచేత, మా భీమునిపట్నమువంటి యూళ్లలో ఆ యవయవము పేరు వినినంతనే గుండె జారును. అది వేరు, మేమిపుడు చెప్పునది వేరు.

నడివయస్సు దాటినవారి మూత్రపిండమున ఒకటి రెండు నీటితిత్తులుండుట సామాన్యము. వానివలన సాధారణముగా హాని లేదు. రెండు మూత్రపిండములును తిత్తులతో నిండు వ్యాధి తరచుగా వంశమున వచ్చును. అందు సర్వసాధారణమగు రకము తలిదండ్రులలో ఒకరికున్నచో ప్రతిబిడ్డకును సగపాలు రావచ్చును.

మూడవది మిక్కిలి అరుదు. ఒక్క మూత్రపిండముననే, తరచుగా అందొక భాగమున, తిత్తులు ద్రాక్షగుత్తివలె క్రిక్కిరిసియుండును. రెండవ మూత్రపిండము నిర్దోషముగా నుండును. ఇది వంశమున దిగదు. కాలక్రమమున మూత్రపిండమును చెరుపదు. చూపునకు మాత్రము గడ్డయే. అయినను దీని చుట్టును పొర యుండదు. తిత్తుల నడుమ మంచి కండ యుండును. ఈ గురుతులే నిపుణునకు ఆధారము.

దీనిని పోలిన పలుగదుల తిత్తిగడ్డ మరొకటి కలదు. దానికి పొర యుండును. పసిబాలురకును, నలువది దాటిన స్త్రీలకును విశేషముగా వచ్చును. స్వభావము సాధువే గాని, కోసి తీసి సూక్ష్మదర్శినిలో చూచిన పిమ్మటనే పెక్కుసార్లు నిజము తేలును.

1986 లో మోర్టన్ బాస్నియాక్ అను అమెరికా వైద్యుడు, స్కానులో కనబడు తిత్తిగోడల తీరునుబట్టి తరగతు లేర్పరచెను. 2019 లో వానిని సవరించిరి. మొదటి రెండు తరగతులవి సాధువులు. అనుమానము మిగిలిన కొన్నిటిని ఏండ్లతరబడి స్కానుతో గమనింతురు. మూడవ తరగతిలో ఇంచుమించు సగము క్యాన్సరుగా తేలును. నాలుగవ తరగతిలో నూటికి సుమారు తొంబది.

కావున విశాఖపట్నమున 1923 లో తెరచిన కింగు జార్జి ఆసుపత్రికిగాని, మరెచ్చటికిగాని పోయినపుడు ఈ ప్రశ్నల నడుగుడు: ఇది ఏ తరగతి? రెండవ మూత్రపిండ మెట్లున్నది? కోతయే అవసరమైనచో చెడినభాగము మాత్రమే తీయవచ్చునా? పాత స్కాను బొమ్మలను భద్రపరచుడు; క్రొత్తవానితో పోల్చిననే మార్పు తెలియును.

మూత్రమున నెత్తురు కనబడినచో నెలసరి యనుకొని ఊరకుండక, సిగ్గుపడి దాచక, వెంటనే చూపించుకొనవలయును. తొందరపడి మంచి మూత్రపిండమును పోగొట్టుకొనుటయు, భయపడి పరీక్షను మానుటయు రెండును కీడే.