పొగబండి రిటైరయ్యాక

పెద్ద రైల్వేస్టేషన్ల ముందు సిమెంటు దిమ్మ మీద నిలబెట్టిన ఆవిరి ఇంజనును మీలో చాలామంది చూసే ఉంటారు. ఒంటినిండా నిగనిగలాడే నల్లరంగు, చక్రాల అంచులకు తెల్లరంగు, చుట్టూ ఇనుపగొలుసు. చూడటానికి పెళ్లికొడుకులా ఉంటుంది. మరి దాని కొలిమిలో బొగ్గు వేసి, బాయిలరులో నీళ్లు నింపి నిప్పు రాజేస్తే కదులుతుందా?

ఆ సంగతికి వచ్చేముందు, అది ఎక్కడ పుట్టిందో చూద్దాం. మన దేశంలో తయారైన మొదటి రైలింజను 1895లో అజ్మీరు కార్ఖానాలోంచి బయటికి వచ్చింది. ఇప్పుడది ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. కాని పెద్దఎత్తున ఇంజన్లు చేయడం స్వాతంత్ర్యం వచ్చాకే మొదలైంది. బెంగాలులోని చిత్తరంజన్ కార్ఖానాలో తయారైన మొదటి ఇంజను ‘దేశబంధు’ను 1950 నవంబరు 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ జాతికి అంకితం చేశారు. మొదట్లో చాలా భాగాలు బ్రిటన్ నుంచి ఓడల మీద రావలసి వచ్చేది. పోనుపోను అవన్నీ ఇక్కడే చేయడం నేర్చుకున్నారు. 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగేనాటికి ఆ ఒక్క కార్ఖానాయే 2,351 ఇంజన్లు చేసింది. బ్రాడ్‌గేజి మీద ఆఖరిది 1970లో తయారైంది. దానికి పెట్టిన పేరు ‘అంతిమ్ సితారా’, అంటే చివరి నక్షత్రం అన్నమాట.

1995లో బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు ఆగిపోయాయి. అప్పటికి ఆ చివరి ఇంజన్ల వయసు పాతికేళ్లే! ముసలితనం వచ్చి కాదు అవి పట్టాలు దిగింది. ఆవిరి ఇంజనులో వంద పాళ్ల బొగ్గు మండిస్తే, బండిని లాగడానికి పనికివచ్చే శక్తి ఆరేడు పాళ్లే. మిగిలినదంతా పొగగొట్టంలోంచి గాలిలో కలిసిపోతుంది. డీజిలు, కరెంటు ఇంజన్ల ముందు అది నిలవలేకపోయింది.

ఎక్కువ ఇంజన్లు తుక్కు కిందే పోయాయి. సరుకుల బండిని లాగే ‘డబ్ల్యు.జి.’ ఇంజను బొగ్గుపెట్టెతో కలిపి సుమారు 170 టన్నులు తూగుతుంది. దాన్ని గ్యాసుమంటతో ముక్కలుగా కోసి, ఉక్కు కొలుముల్లో కరిగించేవారు. మీ ఇంటి కప్పులోని ఊచల్లో ఒకప్పటి ఇంజను ముక్క ఉన్నా ఉండవచ్చు. కొన్ని మాత్రం పోతూపోతూ తోటివాటికి ఆయుష్షు పోశాయి. ‘డబ్ల్యు.జి.’కీ, ప్రయాణికుల బండిని లాగే ‘డబ్ల్యు.పి.’కీ బాయిలరు ఒకే నమూనాది. అందువల్ల ఒకదాని బాయిలరును మరొకదానికి బిగించవచ్చు.

ఇక మన పెళ్లికొడుకు సంగతి. ఇంజనుకు ప్రాణం బాయిలరే. అందులో ఆవిరి చదరపు సెంటీమీటరుకు దాదాపు 15 కిలోల ఒత్తిడితో నొక్కుతుంది. లెక్కకట్టి చూడండి: మీ అరచేయంత చోట, అంటే సుమారు వంద చదరపు సెంటీమీటర్ల మీద, ఒకటిన్నర టన్నుల బరువు! రంగు కింద, రేకు తొడుగు కింద, వాననీళ్లు చేరి ఆ ఉక్కుపలకను ఏళ్ల తరబడి తుప్పు తినేసి ఉంటే? పైకి ఏమీ కనిపించదు. అందుకే దిమ్మ మీది ఇంజనులో నిప్పు వేయడమంటే ప్రాణాలతో చెలగాటమే.

మళ్లీ నడిపించాలంటే ముందుగా లోపలి పాత గొట్టాలను పీకి, పలకల మందం కొలవాలి. తరువాత చేసే పరీక్షలో చిన్న తమాషా ఉంది. బాయిలరు నిండా చన్నీళ్లు పోసి, గాలి లేకుండా చేసి, ఆవిరి ఒత్తిడికన్న ఎక్కువ ఒత్తిడితో పంపు కొడతారు. ఆవిరితోనే ఎందుకు పరీక్షించరు? నీటిని నొక్కితే దాదాపుగా కుంచించుకోదు. కాబట్టి అందులో దాగే శక్తి చాలా తక్కువ. పలక చిట్లితే కొంచెం నీళ్లు చిమ్ముతాయి, ఒత్తిడి టక్కున పడిపోతుంది. పనిచేస్తున్న బాయిలరులోని నీళ్లు అలాకాదు. అవి సుమారు 200 డిగ్రీల వేడిలో ఉంటాయి. ఒత్తిడి తగ్గిన మరుక్షణం వాటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై, వందలరెట్లు ఉబ్బి బాయిలరును పేల్చేస్తుంది.

ఇన్ని పరీక్షలూ దాటి బతికిన ఇంజన్లు కొద్ది. హర్యానాలోని రేవాడి షెడ్డులో ఉన్న ‘అక్బర్’ వాటిలో ఒకటి. 1965లో చిత్తరంజన్‌లో పుట్టిన ఈ ‘డబ్ల్యు.పి.’ రిటైరయ్యాక సినిమాల్లోనూ కనిపించింది. ఇలాంటి ఇంజనుకు ఇనుము ఒక్కటే చాలదు. చప్పుడు విని జబ్బు చెప్పగల ఫిట్టరు కావాలి, కొలిమిలో బొగ్గును ఎక్కడ పలచగా, ఎక్కడ మందంగా పరచాలో తెలిసిన ఫైర్‌మన్ కావాలి. నా దృష్టిలో ఉక్కు దొరకడంకన్న వీళ్లు దొరకడమే కష్టం.

పాతవాటిని బతికించడమే కాదు, కొత్తవి చేసినవాళ్లూ ఉన్నారు. నీలగిరి కొండరైలును లాగే ఇంజన్లు మొదట స్విట్జర్లాండులో తయారైనవి. అవి అరిగిపోతుంటే, తిరుచ్చి దగ్గరి గోల్డెన్‌రాక్ కార్ఖానావారు అదే నమూనాలో 2011 నుంచి కొత్త ఆవిరి ఇంజన్లు చేశారు. వీటిలో ఎక్కువభాగం నూనెతో మండుతాయి. వీటికి నాలుగు సిలిండర్లు: రెండు మామూలు చక్రాలను తిప్పితే, తక్కిన రెండు పట్టాల నడుమ ఉన్న పళ్లకడ్డీని పట్టుకుని ఎక్కే పళ్లచక్రాలను తిప్పుతాయి. మేట్టుపాళయంలో బండి ఎక్కి ముందుకు చూస్తే ఇంజను కనబడదు. కొండ ఎక్కేటప్పుడు అది వెనకనుంచి నెడుతుంది.