ఇంజన్ మార్చిన వ్యాన్‌లో ముల్లు మాట నమ్మొచ్చా?

విజయవాడ భవానీపురంలో డిసెంబరు మధ్యాహ్నం గాలి 30 డిగ్రీలుంటే, మే మధ్యాహ్నం 45 తాకే రోజులుంటాయి. పాత వ్యాన్‌కు ఈ 15 డిగ్రీల తేడా చిన్నది కాదు. రేడియేటర్ బయటికి పంపగలిగే వేడి, లోపలి నీళ్లకూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టే ఉంటుంది. నీళ్లు 95 దగ్గరుంటే ఆ తేడా డిసెంబరులో 65, మేలో 50. రేడియేటర్ అదే, ఫ్యాను అదే, పని మాత్రం దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఇంజన్ అంతే వేడి పుట్టిస్తుంటే, నీళ్లు 110కి చేరితే గానీ లెక్క సరిపోదు.

వేడి ఎంతో కూడా చూద్దాం. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. గంటకు 5 లీటర్లు తాగే బండిలో అది 50 కిలోవాట్లు. మోటు లెక్కన మూడో వంతు, అంటే 16 కిలోవాట్లు, నీళ్లలోకి చేరుతుంది. బకెట్లో పెట్టే కిలోవాట్ హీటరు కడ్డీలు పదహారు ఒకేసారి వేసినట్టు! రేడియేటర్ పాత చిన్న ఇంజన్‌దీ, ఇప్పుడు కూర్చున్నది పెద్దదీ అయితే మే నెలలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక గుడి దగ్గర పాకే బాధ తగ్గింది కానీ, లారీల వెనక ఇరుక్కుంటే ఫ్యాను గాలి తప్ప వేరే దిక్కు లేదు.

విజయవాడలో ఇంజన్ మార్పిడి అనగానే అందరూ ఆటోనగర్ దారి పడతారు. మౌంటింగులు వెల్డింగ్ అవుతాయి, గేర్‌బాక్సు కుదురుతుంది, బండి స్టార్టవుతుంది. టెంపరేచర్ మీటరు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఉన్న వైరు తగిలించి వదిలేస్తారు. నా దృష్టిలో ఖరీదైన అశ్రద్ధ ఇదే.

ఎందుకంటే మీటరు ఒక బండిది, సెన్సర్ ఇంకో బండిది. వేడెక్కే కొద్దీ సెన్సర్ నిరోధం తగ్గుతుంది. కంప్యూటర్‌తో నడిచే ఇంజన్లలో బాష్ తరహా సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 100 దగ్గర 190 లోపు చూపిస్తుంది. పాత ముల్లు మీటర్లకు సరిపోయే సెన్సర్లు చాలావరకు ఆ వేడి మీద పదుల ఓమ్‌లలోనే ఉంటాయి. మొదటిదాన్ని రెండోదాని మీటరుకు కలిపితే, ఇంజన్ ఉడుకుతున్నా ముల్లు 'చల్లన' వైపే పడుకుంటుంది.

మీటరూ సెన్సరూ జతగా కొనడం ఉత్తమం. పాతదే ఉంచాలంటే పరీక్ష సులువు. విజయవాడ సముద్రమట్టానికి దగ్గరి ఊరు, నీళ్లు ఇక్కడ దాదాపు 100 దగ్గరే మరుగుతాయి. చల్లారిన ఇంజన్ నుంచి సెన్సర్ విప్పి, దాని ఒంటికి ఎర్త్ వైరు కలిపి, కొనను మరిగే నీళ్లలో ముంచండి. ముల్లు ఆగినచోట గీత గీయండి. అది మీ 100.

సింగిల్ వైరు సెన్సర్ ఎర్త్‌ను తన మరల ద్వారానే తీసుకుంటుంది. అక్కడ టెఫ్లాన్ టేపు దండిగా చుడితే ముల్లు తప్పు చెబుతుంది. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలిందా? ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ చూడండి. వేడి అలా గంతులేయదు.

అన్నిటికన్నా ప్రమాదం, నీళ్లు కారిపోయినప్పుడు ముల్లు కిందికి దిగడం. సెన్సర్ నీళ్లలో కాకుండా ఖాళీలో ఉంటుంది, డ్రైవరేమో చల్లబడిందనుకుంటాడు. అందుకే సిలిండర్ హెడ్ లోహానికే బిగించే రెండో సెన్సర్, దానికో డిజిటల్ మీటరు, బజరు ఉండాలి.

82 దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉంటే నీళ్లు 85 నుంచి 95 మధ్య ఉండటం మామూలే. నీళ్ల సెన్సర్‌కు 105 దగ్గర మోగే బజరు పెట్టించండి. లోహం వేడి అంతకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి, బండి బాగున్న రోజున దాని అంకె రాసుకుని రెండో బజరును ఆ పైన పెట్టాలి. 0.9 బార్ రేడియేటర్ మూత బాగుంటే వట్టి నీళ్లు 118 దాకా మరగవు, రబ్బరు పోతే 100కే మరుగుతాయి. హీటెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం వైద్యం కాదు, చలికాలంలో డీజిల్ దండగ.

ఇంజన్ మార్పును 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఆ పనీ ముగించండి.

ఏ బజరు మోగినా బండి పక్కకు తీసి ఆపండి. చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు: 100 దాటిన నీళ్లు ఒత్తిడి పోగానే ఆవిరై ముఖాన కొడతాయి.