అటకమీది అవ్వ గొంతు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తట్టు మన యిండ్లలో పెండ్లినాటి క్యామ్‌కార్డరు టేపులు యింకను అటకమీదనే వుండును గదా! బడిలో కన్నడము, యింట తెలుగు మనకు. కైవారం తాతయ్య తత్వాలకైతే పుస్తకాలున్నవి. మన అవ్వ పాడిన మంగళహారతికి ఆ టేపే పుస్తకము.

టేపు పూత యేటేటా చెడును. వి.సి.ఆర్. తయారీని జపాను ఫునాయ్ కంపెనీ 2016లోనే మానినది. కనుక పాత కెమెరాను పాత సామానువానికి వేయకండి. చిన్న టేపులకు అదే దిక్కు. దాని పసుపు, తెలుపు, ఎరుపు తీగెలను క్యాప్చరు పెట్టెద్వారా కంప్యూటరుకు కలిపి టేపు వేయవలెను. గంట టేపుకు గంట పట్టును, తొందర పనికిరాదు. మినీ డీవీకి ఫైర్‌వైర్ తీగె మేలు, గంటకు సుమారు 13 జీబీ. బూజు కనబడినచో మాత్రము వేయకండి, యంత్రమూ పాడగును.

టేపు తిరుగునపుడు పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పాడినది యే అత్తో, యే పిన్నమ్మో అడిగి వ్రాసికొనండి.