జీడితోటలో చేతి ఎముక దొరికితే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో చెయ్యిలాంటి ఎముకలు కనబడితే ముందు తేల్చాల్సింది అది మనిషిదా, ఎలుగుదా అని. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎలుగుబంట్లు తిరగడం మామూలే. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఒక ఎలుగు మనుషుల మీద పడి ప్రాణం తీసింది కూడా. తోలు, గోళ్లు ఊడిన ఎలుగు పంజా అచ్చం మనిషి చెయ్యిలాగే ఉంటుంది. తేడా బొటనవేలి దగ్గర దొరుకుతుంది. మనకు ఆ వేలి కింది అరచేతి ఎముక పొట్టిగా, అన్నిటికన్నా లావుగా ఉంటుంది. ఎలుగుకు అదే అన్నిటికన్నా చిన్నది, లావుపాటిది చిటికెనవేలి వైపు ఎముక.

మనిషిదేనని తేలాక, ఆడా మగా అన్న ప్రశ్న వస్తుంది.

దీనికి కటి ఎముకను మించిన సాక్ష్యం లేదు. కానీ కుక్కలూ నక్కలూ లాక్కుపోగా మిగిలింది చెయ్యి ఒక్కటే కావచ్చు. చేతిలో 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. అరచేతిలోని అయిదే ఎక్కువగా అక్కరకొస్తాయి. వెర్నియర్ కాలిపర్స్‌తో ఒక్కోదాని పొడవు, మొదలు వెడల్పు, తల వెడల్పు కొలిచి సూత్రంలో వేస్తారు. సగటున మగవాళ్లవి పెద్దవి. 1993లో షోయర్, ఎల్కింగ్టన్, 1995లో ఫాల్సెట్టి అనే పరిశోధకులు ఇలాంటి సూత్రాలు ఇచ్చారు. అయినా పదింటిలో ఒకటో రెండో తప్పొచ్చు. ఎదుగుతున్న పిల్లల చేతులకైతే ఈ లెక్క అసలు పనికిరాదు.

పొరబడితే ఏమవుతుందో 1935లో బ్రిటన్‌లో తెలిసొచ్చింది. బొంబాయిలో పుట్టిన డాక్టర్ బక్ రక్స్‌టన్ భార్యనూ, పిల్లల ఆయానూ చంపి, ముక్కలు చేసి స్కాట్లాండ్‌లో పారేశాడు. అవి ఒక మగ, ఒక ఆడ శవాలని తొలుత ప్రచారమైంది. మా ఇంటివాళ్లు కాదంటూ అతను ధీమాగా చెప్పుకున్నాడు. గ్లైస్టర్, బ్రాష్ అనే వైద్య నిపుణులు ఎముకలన్నీ పేర్చి చూసి ఇద్దరూ స్త్రీలేనని తేల్చారు. ఒక జత చేతులకు వేళ్ల కొసలు కోసేసి ఉన్నాయి. కోయకుండా మిగిలిన జత వేలిముద్రలు ఆయావని తేలింది.

బయటి దేశాల ఎముకలతో కట్టిన సూత్రాన్ని మన చేతులకు యథాతథంగా అంటగట్టకూడదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను తొక్కలోని జీడి కాల్చేస్తుంది, వేలిముద్రలు కూడా సరిగా పడవు కాబట్టి ఎముకే ఆధారమవుతుంది. కానీ ఏళ్లతరబడి చేసే ఇలాంటి చేతికష్టం ఎముక పొడవును పెద్దగా మార్చకపోయినా, మందాన్ని కొంత పెంచుతుంది. అలాంటి స్త్రీ చేతిని వెడల్పు ఒక్కటే చూసి మగచేయి అనేసే ప్రమాదం ఉంది. టెక్కలి, పలాస ఆసుపత్రుల్లో రోగుల అనుమతితో చేతి ఎక్స్‌రేలు కొలిస్తే ఈ ప్రాంతానికి సొంత కొలతలు ఏర్పడతాయి. ఆ పని జరిగి తీరాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో దొరికిన చేతిలో ఇంకో జాడ కూడా ఉండొచ్చు. కిడ్నీలు చాలాకాలం దెబ్బతింటే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకను తినేస్తుంది. చూపుడువేలు, మధ్యవేలి నడిమి కణుపుల్లో, బొటనవేలి వైపు అంచున అది ముందుగా కనబడుతుంది: నున్నగా ఉండాల్సిన అంచు కొరికినట్టు గరుకుబారుతుంది. అందరు రోగుల్లోనూ ఇది ఉండదు. ఉన్నచోట మాత్రం, తప్పిపోయినవాళ్ల జాబితాలో డయాలసిస్ చేయించుకున్నవాళ్ల పేర్లు ముందుకొస్తాయి, డీఎన్ఏ పోలికకు ఏ కుటుంబం నుంచి ముందు రక్తం తీసుకోవాలో పోలీసులకు తెలుస్తుంది.