96 శాతంలో చేతికొచ్చేదెంత? ఆన్‌లైన్ కేసినో లెక్కలపై అపోహలు, వాస్తవాలు

ఆన్‌లైన్ స్లాట్ ఆట తెరిచి, తెర మూలనున్న చిన్న ‘ఐ’ గుర్తు నొక్కితే నిబంధనల పేజీ వస్తుంది. దాని అడుగున ‘ఆర్టీపీ 96 శాతం’ లాంటి వరుసొకటి ఉంటుంది. ఆర్టీపీ అంటే రిటర్న్ టు ప్లేయర్. ఆటగాళ్లు కాసిన పందేల్లోంచి తిరిగి ఆటగాళ్లకే చేరే వాటా అన్నమాట. ప్రకటనల్లో ఇదే అంకె పెద్దక్షరాల్లో మెరుస్తుంది. అది చూసి కొందరు ‘వెయ్యి వేస్తే పోయేది నలభయ్యేగా’ అనుకుంటారు. మరికొందరు ‘అంతా దొంగ లెక్క’ అని కొట్టిపారేస్తారు. రెండూ పొరపాటే. కానీ ఎక్కువమంది జేబులు ఖాళీ చేసేది మొదటి పొరపాటు.

ఎందుకంటే ఆ శాతం జమచేసిన వెయ్యి మీద లెక్కకట్టేది కాదు, కాసిన ప్రతి పందెం మీదా లెక్కకట్టేది. స్పిన్‌కు 20 రూపాయలు, మూడు సెకన్లకో స్పిన్ అనుకుందాం. గంటకు 1,200 స్పిన్లు. అంటే 24,000 రూపాయల పందేలు. జేబులోంచి తీసింది వెయ్యే అయినా, గెలిచినదాన్ని మళ్లీ మళ్లీ కాస్తుంటే మొత్తం అక్కడిదాకా పోతుంది. 24,000లో నాలుగు శాతం 960. ప్రకటనలోని 96 అక్షరాలా నిజమే, అయినా గంట ఆటకు సగటు నష్టం 960 రూపాయలు.

వేగంలోనే ప్రమాదముందని గుర్తించిన దేశం బ్రిటన్. అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ ఆన్‌లైన్ స్లాట్లలో ఒక్కో స్పిన్‌కు కనీసం 2.5 సెకన్లు పట్టాలని 2021లో నిబంధన పెట్టింది, దానంతటదే తిరిగే ఆటోప్లేను ఆపేయించింది. 2025లో స్పిన్‌కు గరిష్ఠ పందెం 5 పౌండ్లకు, 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకైతే 2 పౌండ్లకు పరిమితమైంది.

కేసినో వాటా ఎక్కడ దాగి ఉంటుందో చూడాలంటే రౌలెట్ చక్రమే మేలు. యూరోపియన్ చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, వాటితో పాటు ఒక సున్నా, మొత్తం 37 గళ్లుంటాయి. అన్ని గళ్ల మీదా తలా వంద పెడితే 3,700 అవుతుంది. బంతి ఎక్కడ పడ్డా చేతికొచ్చేది 3,600. గెలిచిన గడికి 35 రెట్లు ఇచ్చి, దాని మీది వంద వెనక్కిస్తారు, అంతే. ఆ తేడా వందే కేసినోది. అది 2.7 శాతం. అమెరికన్ చక్రంలో ఇంకో సున్నా గడి చేర్చి, చెల్లింపు మాత్రం అలాగే ఉంచడంతో వాళ్ల వాటా 5.26 శాతానికి పెరిగింది. చక్రం నిజాయితీగా తిరిగినా వచ్చే ఆదాయమిది. మోసం చేయాల్సిన అవసరమే లేదు.

‘నాలుగొందల స్పిన్లు ఆడితే 60 శాతం కూడా రాలేదు, కాబట్టి మోసమే’ అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. కోపం అర్థమయ్యేదే, రుజువు మాత్రం కాదు. ఆట ఎంత ఎగుడుదిగుడుగా చెల్లిస్తుందో చెప్పే సూచికొకటుంటుంది. దాన్ని స్పిన్ల సంఖ్య వర్గమూలంతో భాగించి వందతో గుణిస్తే, అసలు శాతానికి అటూ ఇటూ ఎంత తేడా సహజమో తెలుస్తుంది. సూచిక 10 ఉన్న 96 శాతం ఆటలో వెయ్యి స్పిన్లకు 64 శాతం వచ్చినా, 128 వచ్చినా వింత లేదు. పది లక్షల స్పిన్లకైతే ఆ తేడా ఒక్క శాతానికి దిగుతుంది. అన్ని స్పిన్లూ ఒక్క మనిషి ఆడినవి కావు. ఆ 96 ఆడేవాళ్లందరి మీదా కలిపి తేలే లెక్క, ఒకరికి ఇచ్చిన హామీ కాదు.

పెద్ద జాక్‌పాట్ ఆటల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2015లో ఓ బ్రిటిష్ సైనికుడు 25 పెన్నీల పందెంతో ‘మెగా మూలా’ ఆటలో 1.32 కోట్ల పౌండ్లు గెలిచాడు. అలాంటి ఆటలు చెప్పుకునే శాతంలో ఈ జాక్‌పాట్ వాటా కూడా కలిసే ఉంటుంది. అది తగలని లక్షలాది మందికి దక్కేది ఆ మిగతా, చిన్న శాతమే.

ఇంతసేపు ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడిస్తుందన్న నమ్మకం మరీ పాతది. 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో రౌలెట్ బంతి వరసగా 26 సార్లు నల్ల గడిలోనే పడింది. ఈసారి ఎరుపు ఖాయమని పందెం పెంచుకుంటూ పోయినవాళ్లు భారీగా పోగొట్టుకున్నారు. బంతికి జ్ఞాపకముండదు. స్లాట్‌ను నడిపే ర్యాండమ్ నంబర్ ప్రోగ్రామూ అంతే.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ఒకే పేరు, ఒకే బొమ్మలు, ఒకే సంగీతమున్న ఆట రెండు సైట్లలో రెండు రకాల శాతాలతో నడవొచ్చు. ప్లేఎన్ గో సంస్థ తయారుచేసిన ‘బుక్ ఆఫ్ డెడ్’కు 96.21 శాతం కూర్పుంది, 87.25 శాతం కూర్పూ ఉంది. ఏది పెట్టుకోవాలన్నది కేసినో ఇష్టం. మొదటిదాంట్లో నిర్వాహకుడి వాటా వందకు 3.79, రెండోదాంట్లో 12.75. అంటే మూడు రెట్లు దాటింది. ఎక్కడో చదివిన సమీక్షలోని అంకె, ముందున్న ఆటకు వర్తించకపోవచ్చు.

బోనస్ కూడా ఉచితమేమీ కాదు. వెయ్యి బోనస్‌కు 35 రెట్లు ఆడాలన్న షరతుంటే 35,000 రూపాయల పందేలు కాయాలి. 96 శాతం ఆటలో దానికి సగటు నష్టం 1,400. ఇచ్చినదానికన్నా తీసుకునేదే ఎక్కువ.

మరి ప్రకటించిన శాతాన్ని ఎవరైనా సరిచూస్తారా? లైసెన్సు గట్టిగా ఉన్నచోట చూస్తారు. జీఎల్ఐ, ఈకోగ్రా లాంటి ప్రయోగశాలలు ప్రోగ్రామును పరీక్షిస్తాయి. బ్రిటన్‌లోనైతే ఆట నడుస్తుండగా కూడా అసలు చెల్లింపులను లెక్కతో పోల్చాలి. తనిఖీ ఉన్నచోటా మోసం జరగదని కాదు. 1980ల చివర్లో నెవాడాలో అమెరికన్ కాయిన్ అనే కంపెనీ వీడియో పోకర్ యంత్రాలను రాయల్ ఫ్లష్ పడకుండా ప్రోగ్రాం చేయించిందని బయటపడింది. లైసెన్సు పోయింది, పది లక్షల డాలర్ల జరిమానా పడింది. పట్టుకునే అధికారి ఉన్నాడు కాబట్టే అది బయటికొచ్చింది.

తెలుగువాళ్ల ఫోన్లకు వచ్చే కేసినో లింకుల వెనక అలాంటి అధికారి ఎవరూ లేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆటలను ఆపేసింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసినా శిక్షే. ఆడినవాళ్లను మాత్రం చట్టం నేరస్తులుగా చూడదు. అయినా లింకులు వస్తూనే ఉన్నాయంటే అవి విదేశీ సర్వర్ల నుంచి, చట్టానికి అందకుండా నడుస్తున్నవే. అలాంటి సైట్లో పేరున్న కంపెనీ ఆట కనబడినా అది అసలుదో నకిలీదో చెప్పేవాళ్లు లేరు. కింద రాసిన 96ను పరీక్షించినవాళ్లూ లేరు. గెలిచిన డబ్బు ఆపేస్తే అడగడానికి చోటూ లేదు.

డబ్బు పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుపడి దాచుకోవడం వల్ల అప్పు పెరుగుతుంది తప్ప తగ్గదు. సైబర్ మోసమైతే 1930కు ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు ఖాతాలు దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆట మానలేకపోతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులోనే, ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.