పురిటింటికి వెళ్లే చుట్టాలం

డిసెంబరు దగ్గరపడితే మన సంఘాల్లో రెండు పట్టికలు తయారవుతాయి. ఒకటి క్రిస్మస్ ఆరాధనలది. రెండోది సండే స్కూలు పిల్లలను, యౌవనస్థులను విహారయాత్రకు ఎక్కడికి తీసుకెళ్లాలన్నది. పలాస, టెక్కలి, ఉద్దానం సంఘాలవారు ఆ రెండో పట్టికలో తరచుగా రాసుకునే పేరు తేలినీలాపురం. తప్పకుండా వెళ్లండి. అయితే వెళ్లేముందు ఆ చోటు సంగతి కొంత తెలుసుకుని వెళ్లాలని మా మనవి.

టెక్కలి మండలంలోని ఈ ఊళ్లో చింతచెట్ల మీద రెండు రకాల పెద్ద పక్షులు గూళ్లు కడతాయి. గైడ్లు పెలికాన్ అని చూపించే గూడబాతు ఒకటి, ఎర్రకాళ్ల కొంగ రెండోది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. నౌపడ చుట్టుపక్కల తంపర నేలల్లో, చెరువుల్లో చేపలు పట్టి తెచ్చి పిల్లలకు పెడతాయి.

వీటిని సైబీరియా పక్షులనడం మనకు అలవాటు. నిజానికి ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా ప్రాంతానివే. చలిదేశాల నుంచి శీతకాలంలో మన దగ్గరకు వలస వచ్చే పక్షి తిండి కోసం వస్తుంది, గుడ్లు పెట్టడానికి తన దేశానికే తిరిగిపోతుంది. తేలినీలాపురం పక్షులు ఇక్కడే గుడ్లు పెడుతున్నాయి. అంటే ఇది వాటి పుట్టిల్లు. ఊరివారు వీటిని పురిటికి వచ్చిన ఆడపిల్లలుగా చూసుకుంటారు. ఆ మాటలో భక్తే కాదు, సత్యమూ ఉంది.

ఇక్కడే చిక్కు వస్తుంది. మనకు సెలవులు, పండుగలు వచ్చే కాలమే వాటికి గుడ్లు, పిల్లల కాలం. గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెట్టి నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు ఎగరగలిగే వరకు ఆ తరువాత కూడా నెలల తరబడి కావలి కాస్తుంది. పెద్ద శబ్దానికి తల్లి బెదిరి లేచిందంటే ఆ కాసేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. రెక్కలు రాని పిల్ల ఎండకు మాడుతుంది, కంగారులో కొమ్మ మీద నుంచి జారి పడుతుంది. మనం చెట్టు ముట్టుకోలేదు, రాయి విసరలేదు. అయినా నష్టం జరిగిపోతుంది.

ఈ పాఠం మేము పుస్తకాల్లో నేర్చుకోలేదు. కొన్నేళ్ల క్రితం మా సంఘం పిల్లలతో వెళ్లినప్పుడు, బస్సు దిగగానే స్పీకరు పెట్టి పాటలు అందుకున్నాం. దేవుని స్తుతించే పాటలే కదా అనుకున్నాం. చెట్లమీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ, “ఏటి బాబూ, పురిటింటి ముందు మేళం పెడతారా?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. స్పీకరు ఆపేశాం గాని, ఆ ప్రశ్న ఇంకా ఆగలేదు.

అక్కడికి అందరూ ఒకే పనిమీద రారు. పిల్లలకు మొదటిసారి చూసే ఆనందం కావాలి. ఫోటోలు తీసేవారికి దగ్గర కావాలి. పరిశోధన చేసేవారికి నిశ్శబ్దం, సమయం కావాలి. కుటుంబాలకు కూర్చుని భోంచేసే నీడ కావాలి. ఎవరి కోరికా తప్పు కాదు. కానీ వరుస ఒకటుండాలి. మొదటి హక్కు గూట్లో ఉన్న పిల్లలది. రెండోది ఊరివారిది. రెట్టల వాసన భరిస్తూ, చెట్లు కొట్టకుండా కాచుకున్నది వాళ్లే. ఆ తరువాతే మనం, మనలో ఎవరు ముందన్న మాట కూడా.

ఈ వరుస పాటిస్తే చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఒకేసారి మూడు బస్సులు వద్దు, చిన్న గుంపులుగా వెళ్దాం. ఊరి బయటే హారన్ ఆపేద్దాం. పాటలు, ఆటలు, భోజనాలు మరోచోట పెట్టుకుందాం. చెట్ల కిందికి పోకుండా దూరం నుంచి, దుర్భిణి ఉంటే దానితో చూద్దాం. డ్రోన్ ఎగరేయవద్దు. పడిపోయిన పిల్ల కనబడితే సెల్ఫీ కోసం ఎత్తకుండా అటవీ సిబ్బందికి చెబుదాం. గూళ్లను, గుడ్లను కదిలించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని పిల్లలకు ముందే చెబుదాం.

ఇంత జాగ్రత్త అవసరమా అనేవారికి ఒక ఊరి సంగతి. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో 1946లో కె.కె. నీలకంఠన్ గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించారు. 1970ల నడిమికి అది ఖాళీ అయిపోయింది. పక్షి ఫిర్యాదు రాయదు, మరుసటి ఏడు రాదు, అంతే. తేలినీలాపురం పక్షులకు కష్టాలు ఇప్పటికే ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం చెట్లను నేలకూల్చింది. 2022 ఆరంభంలో ఇక్కడే గూడబాతులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. తిన్న చేపల ద్వారా కడుపులో చేరిన పురుగులే కారణమని అప్పట్లో అధికారులు చెప్పారు. తుఫానును మనం ఆపలేం. స్పీకరును ఆపగలం.

దారిలో పక్షి గూడు కనబడితే తల్లిని పిల్లలతో కలిపి పట్టుకోవద్దని, తల్లిని విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 6, 7 వచనాలు ఆజ్ఞాపిస్తున్నాయి. దానికి మేలు, దీర్ఘాయువు అనే వాగ్దానాన్ని కూడా జతచేశాయి. అదే గ్రంథం 5వ అధ్యాయంలో తల్లిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చిన వాగ్దానమూ అదే. గూట్లోని తల్లిని దేవుడు ఎంత గౌరవించాడో ఆలోచించండి.

ఈసారి బస్సు బయలుదేరేముందు చేసే ప్రార్థనలో, మన క్షేమ ప్రయాణంతోపాటు ఆ గూళ్ల క్షేమాన్నీ అడుగుదాం. ఆపై ఊరి పొలిమేర చేరగానే గొంతు తగ్గిద్దాం.