ఆస్పత్రి నుండి ఇంటికి

విషజ్వరము తగ్గి ఇల్లు చేరినవానికి ఏ పథ్యము పెట్టవలయునో మన యిండ్లలోని ముసలమ్మలకు ఒకరు చెప్ప నక్కరలేదు. పురిటాలికి కారము, కామెరలవానికి చప్పిడికూడు, ఇవి తరతరములుగా వచ్చిన విద్యలు. కాని మనస్సు క్రుంగి, నిద్రాహారములు మాని, చావు తలపులతో ఆస్పత్రి చేరి, చికిత్స పొంది మరలి వచ్చువానికి ఏ పథ్యమో మన మెరుగము. నేనును ఎరుగను, అరువది యేండ్లు దాటిన పిదప నేర్చుకొంటిని.

ఈ వ్యాధిని వైద్యులు డిప్రెషన్ అందురు. మనము విషాదరోగ మందము. విషాద మనగానే పురాణకాలక్షేపము చేయు మనబోంట్లకు అర్జునుడు జ్ఞప్తికి వచ్చును. నేనును ఆ పోలికనే చాలకాలము పట్టుకొని యుంటిని, అది పొరపాటు. అర్జునుని దుఃఖమునకు కారణము కన్నుల యెదుట నున్నది, ఉపదేశముచే అది తీరినది. ఈ రోగికి ఒక్కొక్కప్పుడు కారణమే కానరాదు. కానవచ్చినను, అది తొలగినంతనే రోగము తొలగదు. వీనితో ధైర్యము తెచ్చుకొమ్మని చెప్పుట కాలు విరిగినవానిని పరుగెత్తుమనుట వంటిది.

మా వైరా ప్రాంతమున నా పూర్వశిష్యు డొకడు కలడు. పత్తి, మిరప వేయు రైతు. వరుసగా రెండు పంటలు పోయిన తరువాత ఈ రోగమున పడి, హైదరాబాదులో నొక ఆస్పత్రిలో నెల దినములుండెను. ఇంటికి పంపుదుమని కబురు రాగా వాని తండ్రి నా యొద్దకు వచ్చి, “పంతులు గారూ, మీరు చెప్తే వాడు వింటడు, తోడు రండి” అనెను. పోతిని. అచ్చటి వైద్యురాలు మమ్ము మువ్వురను కూర్చుండబెట్టి, “ఇంటికి పోయిన మొదటి దినము తెల్లవారి లేచి ఏమి చేయుదువు?” అని వాని నడిగెను. వాడు చాలసేపు నేలచూపు చూచి, “పండుకుంట” అనెను. “పురుగుమందు డబ్బా లెక్కడ నుంచుదురు?” అని తండ్రి నడిగెను. “మంచం కిందనే అమ్మా” అని ఆయన చెప్పెను. ఈ రెండు మాటలు విని ఆమె వాని నా దినము పంపలేదు. నాలుగు దినము లాపినది.

నాకు కోపము వచ్చిన మాట నిజము. రెండువందల కిలోమీటర్లకు పైబడి బస్సులో వచ్చితిమి. వ్యాధి తగ్గినదని చెప్పి మరల ఉంచుటేమి? ఆ నాలుగు దినములలో వారు చేసినది చూచిన పిదప నా కోపము చల్లారినది.

మొదట వాని రోగము వచ్చు తీరును వాని చేతనే కాగితముపై వ్రాయించిరి. వాడు వ్రాసినది ఇది: ముందు గడ్డము గీచుకొనుట మానుదును, తరువాత మూడవ జామున మెలకువ వచ్చి మరల నిద్రపట్టదు, ఆ పైన ఫోను మ్రోగినను ఎత్తను. ఈ మూడింటిలో రెండు కనబడిన నాడే ఎవరికి చెప్పవలయునో, ఆ పేరును అందే వ్రాయించిరి. పిమ్మట దినచర్య. వ్యవసాయ మంతయు ఒక్కసారి నెత్తిన పెట్టక, ఉదయము గేదెలకు మేత, సాయంకాలము నడక, అంతే.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది వేరొకటి. “ఊరివారు, ఇన్నాళ్లు ఎక్కడికి పోయినావురా అని అడిగిన ఏమందువు?” అని వైద్యురాలు ప్రశ్నించెను. వాని ముఖము వెలవెలబోయెను. రోగముకంటె ఆ ప్రశ్నకే వాడు ఎక్కువ జడియుచుండెనని నాకు అప్పుడు తెలిసినది. నేనే ఊరివానిగా నటించి పదిసార్లు అడిగితిని. తుదకు “పానం బాగలేక దవాఖాన్ల ఉన్న, ఇప్పుడు నయమైతున్నది” అను మాట వాని నోట నిలిచినది. అందులో అబద్ధము లేదు, అధికమును లేదు.

ఇది ఆ వైద్యురాలి చాదస్తము కాదు. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 98వ సెక్షను, రోగిని పంపుటకు ముందు రోగితోను, ఇంట చూచుకొనువారితోను సంప్రదించి, మీదటి చికిత్సకు ఏర్పాటు నిర్ణయింపవలెనని చెప్పుచున్నది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా ఎంచవలెనే కాని శిక్షింపరాదనియు ఆ చట్టమే విధించినది. కుటుంబమును దగ్గర నుంచుకొను పద్ధతి కొత్తదియు కాదు. 1950ల దశకములోనే అమృతసరస్సులో విద్యాసాగర్ అను వైద్యుడు ఆస్పత్రి ఆవరణలో గుడారములు వేయించి, రోగులతోపాటు బంధువులను ఉంచెను. చూచి నేర్చిన బంధువు ఇంట వైద్యునికి సగము బలము.

ఇక ఇంటి సంగతి. ఆస్పత్రి విడిచిన మొదటి కొన్ని వారములే మిక్కిలి అపాయకరమైనవని వైద్యులందరును చెప్పుదురు. రోగి నడచుచున్నాడు, తినుచున్నాడు, ఇక భయము లేదని మనము ఏమరుదుము. దేహమునకు ఓపిక ముందు వచ్చి, మనస్సు వెనుక వచ్చుట కలదు. కనుక పురుగుమందు ఆ యింట ఉండరాదు; పొరుగువారి యింట తాళములో పెట్టింపుడు. మాత్రలు మొత్తము వాని చేతికీయక ఇంటివా రెవరైన ఏనాటివి ఆనా డియ్యవలెను. వాటి గుణము తెలియుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. నయమైన పిదపను కనీసము ఆరు నెలలు, తరచుగా అంతకు మించియు, వైద్యుని మాటపై వాడవలయును. తటాలున మానిన తల తిరుగుట, నిద్రలేమి, ఆందోళన కలుగవచ్చును. మాత్రలు మరుగునకు వచ్చునని కొందరందురు. సారాకు మరుగు పడినట్లు వీనికి పడరు. సారాయే ఈ మాత్రలకు శత్రువు. దేవునికి మ్రొక్కుకొనుడు, నేను వలదనను; మ్రొక్కు పేర మాత్ర మాన్పింపకుడు.

పెద్దలు మాత్రమే చేయగల పని ఒకటి కలదు. అప్పులవారిని మొదటి నెల వాని గడప త్రొక్కనీయకుడు. మా యూర ముగ్గురిని నేను స్వయముగా పోయి ఒప్పించితిని. ఒకడు మాత్రము గొణిగెను. రెండు వారముల నాడు వైద్యునికి చూపించు దినము తప్పకుండునట్లు తోడు పోవుటయు మన పనియే. నడిరేయి దిగులు హెచ్చిన, 14416 నంబరుకు ఫోను చేసిన తెలుగులోనే మాటాడుదురు. 2022 అక్టోబరున కేంద్ర ప్రభుత్వము ఏర్పరచిన ఉచిత సేవ అది. ప్రాణాపాయ మనిపించిన వాని నొంటరిగా విడువక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

సాయంకాలపు నడక నా వంతునకు వచ్చినది. ప్రతిదినము చెరువుకట్ట వరకు పోయి వచ్చితిమి. పది దినములు వాడు మాటాడలేదు; నేనును శ్లోకములు చెప్పలేదు, అది నాకు కష్టమే. పదునొకండవ నాడు, మిరపనారు పోయుటకు ఆలస్యమైనదా అని నన్నడిగెను. నేను వ్యవసాయ మెరుగను. రేపు తెలిసినవారి నడుగుద మంటిని.